ఓటు చీలితే ఓడేదెవరు?

ఎన్నికల్లో అభ్యర్థులు ఎంతమంది ఉంటే ఓటరుకు అంత మేలని అనుకుంటాం. పదిమంది నిలబడితే పదిరకాల ఆలోచనలు వినవచ్చు, అందులో మంచిది ఏరుకోవచ్చు. మాట బాగానే ఉంది. కాని ఏరుకునే పద్ధతి సరిగా లేకపోతే ఆ పదిమందే ఓటరుకు అడ్డంకి అవుతారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఇందుకు మంచి ఉదాహరణ. మనవాళ్లు ఎందరో స్థిరపడిన రాష్ట్రం కనుక ఇది మనకు మరీ పరాయి విషయమూ కాదు.

అక్కడి గవర్నరు మన గవర్నరు వంటివాడు కాడు. ప్రజలు నేరుగా ఎన్నుకునే పాలకుడు. అధికారంలో మన ముఖ్యమంత్రి లాంటివాడు. పూర్వం జూన్‌లో ప్రతి పార్టీ తన అభ్యర్థిని వేరుగా ఎంచుకునేది. అసలు పోటీ నవంబరులో జరిగేది. 2010లో ప్రజలే ఓటువేసి, 14వ ప్రతిపాదన ద్వారా ఈ పద్ధతి మార్చారు. ఇప్పుడు అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు. ఓటరు ఒక్కరికే గుర్తు పెట్టాలి. మొదటి ఇద్దరే నవంబరుకు వెళతారు, ఇద్దరూ ఒకే పార్టీవాళ్లయినా సరే.

ఉద్దేశం మంచిదే. పార్టీలోని తీవ్రవాదుల చేతుల్లోంచి ఎంపికను తప్పించి, ఏ పార్టీకీ చెందని ఓటరుకు కూడా మొదటి మెట్టు మీదనే చోటివ్వాలన్నారు. దీన్ని కాదనలేం. కాని జరిగిందేమిటో చూడండి.

2018 గవర్నరు ఎన్నికలో 27 మంది నిలబడ్డారు. నూటికి 34 ఓట్లు కూడా రాని గేవిన్ న్యూసమ్ మొదటివాడు. నూటికి 25 తెచ్చుకున్న జాన్ కాక్స్ రెండోవాడు. తక్కిన 25 మందికి ఓటు వేసినవాళ్లు నూటికి 40 మందికి పైగా ఉన్నారు. "మావాడు కాకపోతే ఎవరు?" అని వాళ్లను అడిగిన నాథుడు లేడు. ఈ పద్ధతే ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో 2016లో కోశాధికారి పదవికి ముగ్గురు డెమొక్రాట్లు, ఇద్దరు రిపబ్లికన్లు పోటీపడ్డారు. ముగ్గురు డెమొక్రాట్లకూ కలిపి సగానికి పైగా ఓట్లు వచ్చాయి. నవంబరుకు వెళ్లింది మాత్రం ఇద్దరు రిపబ్లికన్లే! పిట్టపోరు పిల్లి తీర్చడమంటే ఇదే కదా! 2026 కాలిఫోర్నియా గవర్నరు పోటీలో కూడా గుంపు పెరిగేసరికి, ఎన్నికకు ముందు డెమొక్రాట్లలో ఇదే భయం వినిపించింది.

ఈ భయం నుంచి ఎత్తుగడలు పుడతాయి. 2024 సెనేట్ పోటీలో డెమొక్రాట్ ఆడమ్ షిఫ్, రిపబ్లికన్ స్టీవ్ గార్వీ పేరు మోగేలా ప్రకటనలు గుప్పించాడు. పైకి చూస్తే అవి విమర్శలే. ఫలితం మాత్రం, తన పార్టీకే చెందిన కేటీ పోర్టర్ మూడో స్థానంలో ఆగిపోయింది. నవంబరులో గార్వీని ఓడించడం షిఫ్‌కు కష్టం కాలేదు. ప్రత్యర్థిని ఓటరు ఎంచుకోవాలి గాని అభ్యర్థి ఎంచుకోవడమేమిటి?

అయితే మందు ఏమిటి? అభ్యర్థుల్ని తగ్గించడమా? "నువ్వు తప్పుకో, ఓటు చీలుతుంది" అని బలహీనుణ్ణి బెదిరించడమా? అది మందు కాదు, మరో రోగం. లోపం గుంపులో లేదు; ఓటరు చేతికి ఒక్క గుర్తే ఇవ్వడంలో ఉంది. రెండో ఇష్టం, మూడో ఇష్టం చెప్పుకునే వీలుంటే ఓటు చీలినా వృథా కాదు.

ఇది మనకు కొత్త విద్య కాదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో మన తెలుగువారిద్దరు, వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి తలపడ్డారు. మొదటి లెక్కలో ఎవరికీ సగం రాలేదు. సి.డి.దేశ్‌ముఖ్ తదితరులకు పడిన ఓట్లలో రెండో ప్రాధాన్యం లెక్కించాకనే గిరిగారు 4,20,077 విలువతో గెలిచారు. రెడ్డిగారికి 4,05,427 వచ్చాయి. శాసనమండలి పట్టభద్రుల నియోజకవర్గాల్లో మనం వేసేదీ ఈ ఓటే. ఇందులో చిక్కులు లేవని కాదు. లెక్కింపు రోజుల తరబడి సాగుతుంది. పట్టాలున్న ఓటర్లే వేలకొద్దీ చెల్లని ఓట్లు వేస్తున్నారు. అంకె వేయమంటే టిక్కు పెట్టే పట్టభద్రుణ్ణి తయారుచేసిన చదువు గురించి లెక్చరర్లు, విద్యార్థులు కలిసి ఆలోచించాలి.

అందుకే మిత్రులకు నాదొక సూచన. అధ్యక్ష పదవికి అయిదుగురు నిలబడే కాలేజీలో, తన కులం, తన జిల్లా, తన హాస్టలు ఓట్లు కూడగట్టుకున్నవాడు నూటికి 30 తోనే గెలవవచ్చు. మిగతా 70 మంది గడప తొక్కనక్కరలేదు. అదే ప్రాధాన్య ఓటయితే "మొదటి ఓటు మీవాడికే వెయ్యండి, రెండోది నాకివ్వండి" అంటూ ప్రతి హాస్టలుకూ వెళ్లక తప్పదు. అలా అడగడానికి వెళ్లినవాడు అవతలివాణ్ణి తిట్టి రాలేడు. ఖర్చు లేని ఈ మార్పును మన యూనియన్ ఎన్నికల్లోనే మొదలుపెట్టి చూద్దాం. రేపు పెద్ద ఎన్నికల్లో ఓటు వేయబోయేది మనమే!