గిత్తకున్న న్యాయం మన పిల్లలకేదీ?

సంక్రాంతి వచ్చిందంటే గుంటూరు, ప్రకాశం ఊళ్లలో బండలాగుడు పోటీలు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అంటూ గిత్తల వయసు చూసి విభాగాలు కడతాం. ఏడాదంతా ఉలవలు పెట్టి మేపుతాం. దాతలు పోటీపడి బహుమతులిస్తారు. తప్పనడం లేదు. ఒంగోలు గిత్త పేరు వెనక ఆ మేపూ, ఆ పందేలూ ఉన్నాయి. సైకిలు తొక్కే పిల్లలకు ఆ పాటి న్యాయం ఎందుకు చెయ్యం? నా కోపమంతా అదే.

రోడ్డు రేసింగులోనూ వయసును బట్టే మెట్లు. 17, 18 ఏళ్లకు జూనియర్. ఆ పైన 23 లోపు విభాగం. జీతమిచ్చే జట్ల కళ్లలో పడాల్సింది ఆ వయసులోనే. ఒంట్లో సత్తువ ఒక్కటే చాలదు. వంద మంది గుంపులో ముందువాడి చక్రానికి జానెడు దూరంలో తొక్కడం, ఎదురుగాలికి ఎవరి వెనక నక్కాలో తెలియడం, పక్కగాలి కొట్టగానే ఏటవాలుగా వరస కట్టడం పోటీల్లోనే వస్తాయి. హైవే అంచున లారీల పక్కన ఒంటరిగా తొక్కితే ఎన్నేళ్లకీ రావు. సరిగ్గా ఆ వయసు పిల్లల్ని మనం ఇంటర్ హాస్టళ్లలో పెట్టి తాళం వేశాం.

డబ్బులేదంటారా? ఎరిత్రియాను చూడండి. మనకన్నా పేద దేశం. దాని రాజధాని అస్మారాలో వీధులు మూసి సైకిలు పందేలు పెడతారు, జనం విరగబడి చూస్తారు. ఆ ఊళ్లో పుట్టిన బినియమ్ గిర్మాయ్ 2024 టూర్ డి ఫ్రాన్స్‌లో మూడు దశలు గెలిచి ఆకుపచ్చ జెర్సీ తొడుక్కున్నాడు. మన దేశం నుంచి ఒలింపిక్స్ సైక్లింగ్‌కు వెళ్లింది చివరిసారి 1964లో, టోక్యోకు. ఆరు దశాబ్దాలు! సిగ్గుపడాల్సిన లెక్క ఇది.

తెలుగువాళ్ల వల్ల కాదనే మాట నా దగ్గర అనకండి. నంద్యాల యువకుడు షేక్ అర్షద్ ప్రమాదంలో కాలు పోగొట్టుకుని కూడా 2024 పారిస్ పారాలింపిక్స్‌లో సైకిలు తొక్కాడు. జ్యోతి గడేరియాతో కలిసి, ఆ క్రీడలో మన దేశం తరఫున పారాలింపిక్స్‌కు వెళ్లిన మొదటివాళ్లలో ఒకడయ్యాడు. అతన్ని తీర్చిదిద్దింది హైదరాబాద్‌లోని ఆదిత్య మెహతా ఫౌండేషన్. తానూ కాలు కోల్పోయిన సైక్లిస్టు పెట్టిన సంస్థ అది. ఒక మనిషి పూనుకుంటే ఇంత జరిగింది. మరి జిల్లాలకు జిల్లాలు ఏం చేస్తున్నాయి?

బడికొస్తా పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లిచ్చింది. మంచి పనే. వాళ్లలో ఎవరు వేగంగా తొక్కగలరో చూద్దామని ఒక్క పందెమైనా పెట్టారా?

దారులకు కొదవ లేదు. పత్తి చేల మధ్య నరసరావుపేట, చిలకలూరిపేట రోడ్లు చదునుగా, గాలికి బార్లా తెరుచుకుని ఉంటాయి. ఎక్కడానికి కోటప్పకొండ ఘాట్ ఉంది, కొండవీడు ఘాట్ ఉంది. ఆదివారం గుంటూరు మిర్చి యార్డుకు సెలవు, మిర్చి టిక్కీల లారీల రద్దీ తక్కువ. నాయకుడి కాన్వాయ్ కోసం గంటల తరబడి రోడ్డు ఆపే పోలీసులు పిల్లల కోసం ఆదివారం ఉదయం మూడు గంటలు ఆపలేరా?

బండలాగుడు కమిటీ పెద్దలారా, వచ్చే సంక్రాంతికి ఒక్క బహుమతి సైకిలు పందేనికి తీసిపెట్టండి. మగపిల్లలకు ఒక పందెం, ఆడపిల్లలకు ఒక పందెం. రోడ్డు ఇప్పించమని మీ ఎమ్మెల్యేను ఇవాళే నిలదీయండి.