పచ్చ లైటుని నమ్ముకుంటే...

సర్వర్లో డిస్కు పక్కన పచ్చ లైటు వెలుగుతుంటే చాలు, మనవాళ్ళు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతారు. నన్నడిగితే 'హెల్దీ' అంటే 'ఇప్పటిదాకా జబ్బు బయటపడలేదు' అని మాత్రమే అర్థం.

ఇది నా సొంత పైత్యం కాదండోయ్. 2007లో గూగుల్ వాళ్ళు లక్షకి పైగా డిస్కులని పరిశీలించి ఓ పేపరు రాశారు. పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఒక్క తప్పూ చూపించకుండానే పోయాయట! అదే, మొదటి స్కాన్ ఎర్రర్ కనబడిన డిస్కు 60 రోజుల్లోపు పోయే అవకాశం, అది లేనివాటికన్నా 39 రెట్లు ఎక్కువ.

అంటే పచ్చ లైటు మాట పూర్తిగా నమ్మలేం గానీ, హెచ్చరిక వస్తే మాత్రం నమ్మి తీరాలి. 'ప్రిడిక్టివ్ ఫెయిల్యూర్' అని చూపిస్తున్నా "ఇంకా పనిచేస్తోందిగా, వచ్చే నెల చూద్దాం" అనే మేనేజర్లని చాలామందిని చూశాను. రెయిడ్ 5లో ఒక డిస్కు పోతే, కొత్తదాన్ని నింపడానికి మిగతావన్నీ మొదట్నుంచి చివరిదాకా చదవాలి. సరిగ్గా అప్పుడే రెండోది మొరాయిస్తే డేటా గోవిందా!

కాబట్టి హెచ్చరిక రాగానే, డిస్కు బతికుండగానే మార్చెయ్యండి. అంతా పచ్చగా ఉన్నా పాట్రోల్ రీడ్ ఆపకండి. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానెయ్యకండి. ఏమంటారు?