శాలువా ముందా, సాయం ముందా?

ఈసారి మనవాళ్లకు అంతగా తెలియని ఆట గురించి రాస్తున్నాము, కాస్త ఓపికగా చదవండి. బి.ఎమ్.ఎక్స్. ఫ్రీస్టైల్ అంటారు. చిన్న చక్రాల సైకిల్ మీద ఏటవాలు గోడలెక్కి, గాలిలోకి లేచి, పల్టీ కొట్టి మళ్లీ చక్రాల మీదే దిగాలి. ఒక్క నిమిషం ఆట, దానికి జడ్జీలు మార్కులు వేస్తారు.

ఇంగ్లండులోని మాంచెస్టర్ అమ్మాయి షార్లెట్ వర్దింగ్టన్. చిన్నప్పుడు తొక్కింది స్కూటర్ (మన బజాజ్ కాదండీ, పిల్లలు ఒంటికాలితో తోసుకుపోయేది). ఇరవై ఏళ్లు వచ్చాకే ఈ సైకిల్ పట్టింది. పొట్టకూటికి మెక్సికన్ హోటల్లో వంటపని. 2017లో ఈ ఆటను ఒలింపిక్స్‌లో చేర్చారు. బ్రిటన్ జట్టులో చోటు దొరికాక గరిటె పక్కన పెట్టి రోజంతా సాధనే. అక్కడ లాటరీ సొమ్ములో కొంత క్రీడాకారుల శిక్షణకు పోతుంది.

2021 ఆగస్టు 1, టోక్యో ఫైనల్. ఒక్కొక్కరికి రెండు అవకాశాలు, మెరుగైనదే లెక్క. మొదటిసారి వెనక్కి పల్టీ కొడుతూనే గాలిలో ఒక చుట్టు తిరగబోయి కింద పడింది. పోటీల్లో అంతవరకు ఏ ఆడపిల్లా చేయని విద్య అది. రెండోసారి తేలికైనవి చేసుకుని ఏదో ఒక పతకంతో ఇంటికి పోవచ్చు. ఆమె మళ్లీ అదే చేసింది, ఈసారి దిగింది! 97.5 మార్కులు, బంగారం. అమెరికా అమ్మాయి హన్నా రాబర్ట్స్‌కు 96.1.

పొద్దున లేస్తే వంటగదికి పరుగెత్తే పిల్లకు ఆ సాధనకి టైమెక్కడిది? అందుకే అడుగుతున్నాము, మన సంఘం ఎప్పుడు సాయం చేస్తోంది? పేపర్లో ఫోటో పడ్డాక. శాలువా, జ్ఞాపిక, గ్రూప్ ఫోటో. అప్పటికి ఆ పిల్లకు మన అవసరం తీరిపోయింది.

మా రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉంది. మనవాళ్లు తరతరాలుగా ఉన్న ఖరగ్‌పూర్ స్టేషన్‌లోనే ధోనీ టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేశాడు. పేరు వచ్చాక ఇచ్చిన ఉద్యోగం కాదు, రాకముందే ఇచ్చినది.

2024 పారిస్‌లో షార్లెట్ మళ్లీ పడింది, ఫైనల్‌కే చేరలేదు. "చూశారా, డబ్బు దండగ" అనే పెద్దలు మన కమిటీలోనూ ఉంటారు. మనం ఫీజు కట్టిన ఇంజనీరింగ్ కుర్రాడు ఒక సెమిస్టర్ తప్పితే డబ్బు తిరిగి అడిగామా?

రాబోయే మహాసభలో విద్యానిధిలో ఒక వంతు ఆటలాడే పిల్లలకు కేటాయించాలని తీర్మానం పెడదాము. బూట్లకు, బస్సు ఛార్జీలకు, రోజూ రెండు గుడ్లకు సరిపోతే చాలు. ఆడపిల్లల పేర్లు ముందు తీసుకోవాలి, ఎందుకంటే పదో తరగతి అవగానే ఇంట్లో ఆట మాన్పించేది వాళ్లనే. మీ వీధిలో అలాంటి పిల్లలుంటే కార్యదర్శిగారికి చెప్పండి.