అమ్మకం వేరు, ఆదాయం వేరు

ఒకప్పుడు చిల్లర వ్యాపారం పెట్టాలంటే దుకాణం కావాలి. దానికి అడ్వాన్సు, నెలనెలా అద్దె, అరలు, బల్లలు, పనివాడు కావాలి. నేడు చేతిలో ఫోను ఉంటే చాలు. హైదరాబాదులోని మదీనా, పత్తర్‌గట్టి బజార్ల నుంచో, విజయవాడ వస్త్రలత నుంచో బట్టలు తెచ్చి, వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి అమ్ముకుంటున్న సోదరీమణులు మన బస్తీల్లో ఎందరో ఉన్నారు. గడప దాటకుండా నాలుగు రూపాయలు సంపాదించి, పిల్లల ఫీజుకో, ఇంటి అద్దెకో సాయపడుతున్నారు. ఇది హర్షించదగ్గ విషయమే.

అయితే ఈ పనిని ఆసరాగా కాక పూర్తి జీవనోపాధిగా మార్చుకోవాలని ఉన్న ఉద్యోగం వదిలేసే యువకులూ, ఇంట్లో నగలు తాకట్టు పెట్టి సరకు నింపుకునే కుటుంబాలూ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. పది ఆర్డర్లు రాగానే వ్యాపారం నిలదొక్కుకున్నట్లు కాదు. అమ్మకం వేరు, ఆదాయం వేరు.

ముందు లెక్క చూద్దాం. ఒక సోదరి 450 రూపాయలకు డ్రస్సు తెచ్చి 650కి అమ్ముతోందనుకుందాం. పంపే ఖర్చు ఆమెదే. నెలలో 100 పార్సిళ్లు పంపింది. డ్రస్సుకు 200 చొప్పున 20 వేలు మిగిలాయని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కాని సరకు అందాక డబ్బిచ్చే పద్ధతిలో పంపినవి 20 తిరిగివచ్చాయనుకోండి. అమ్ముడైనవి 80, చేతికి వచ్చింది 52 వేలు. ఆ 80 డ్రస్సుల అసలు 36 వేలు. పార్సిలుకు 60 చొప్పున కొరియరుకు 6 వేలు, తిరిగివచ్చిన వాటికి మళ్లీ 1,200, కవర్లకూ టేపుకూ వెయ్యి. తిరిగివచ్చిన వాటిలో అయిదు మాసిపోయో చిరిగిపోయో అమ్మకానికి పనికిరాకపోతే మరో 2,250. అన్నీ పోగా మిగిలింది 5,550 రూపాయలు. పైగా మిగతా 15 డ్రస్సుల రూపంలో 6,750 రూపాయల పెట్టుబడి బీరువాలో ఇరుక్కుపోయింది. బజారుకు వెళ్లివచ్చిన ఆటో ఛార్జీ, ఫోను రీచార్జి, అర్ధరాత్రి దాకా జవాబులిచ్చిన శ్రమ ఇంకా లెక్కలోకి రానేలేదు.

ఈ అంకెలు ఉదాహరణకే. ఎవరి అంకెలు వారికుంటాయి. కాని వాటిని కాగితం మీద పెట్టనివారికి తాము సంపాదిస్తున్నారో, మూలధనాన్నే తింటున్నారో తెలియదు. అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవాలని దివ్య ఖుర్‌ఆన్ రెండవ సూరా 282వ ఆయత్ ఆదేశిస్తోంది. ఖుర్‌ఆన్‌లోకెల్లా అతి పొడవైన వాక్యం అదే. ఇచ్చిపుచ్చుకోవడాల్లో రాతకు అంత ప్రాధాన్యం ఇచ్చిన గ్రంథాన్ని చదివే మనం పుస్తకం లేకుండా వ్యాపారం చేయడం శోభించదు. కొన్న ధర, పంపిన ఖర్చు, తిరిగివచ్చినవి, అరువిచ్చినవి రోజూ రాయాలి. ఇంటి డబ్బుకూ వ్యాపారం డబ్బుకూ వేర్వేరు బ్యాంకు ఖాతాలు ఉండాలి. ఏడాదికొకసారి జకాత్ చెల్లించాలన్నా అమ్మకానికి ఉంచిన సరకు విలువ కట్టక తప్పదు గదా!

రెండవ ప్రశ్న, అమ్ముతున్న సరకు ఎవరిది? 2015లో బెంగళూరులో మొదలైన మీషో సంస్థ గృహిణులకు ఒక కొత్త దారి చూపింది. సంస్థ ఇచ్చిన ఫోటోలను బంధుమిత్రులకు పంపి, అసలు ధర మీద తమ లాభం కలుపుకుని అమ్మవచ్చు. సరకు కొనే పని లేదు, నిల్వ ఉంచే పని లేదు. కాని తర్వాత ఆ సంస్థే నేరుగా కొనుగోలుదారులకు అమ్మడం మొదలుపెట్టింది. అదే వస్తువు అదే యాప్‌లో తక్కువ ధరకు కనిపిస్తుంటే మధ్యవర్తి దగ్గర ఎవరు కొంటారు? 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడూ అంతే. దాని మీదే ఆధారపడిన చిన్న అమ్మకందారులకు ఒక్కరోజులో దారి మూసుకుపోయింది. ఇతరుల ఫోటో, ఇతరుల సరకు, ఇతరుల వేదిక మీద కట్టుకున్న ఉపాధి అద్దె ఇల్లు లాంటిది. ఎప్పుడైనా ఖాళీ చేయమనవచ్చు.

ధర్మం కూడా ఈ ప్రశ్నే వేస్తుంది. అడిగిన వస్తువు తన దగ్గర లేనప్పుడు, బేరం ముగించి ఆనక బజారులో కొని ఇవ్వవచ్చా అని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) దైవప్రవక్త (స)ను అడిగారు. దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని ఆయన వారించారు. చూడని బట్టకు, అందుతుందో లేదో తెలియని సరకుకు హామీ ఇవ్వడంలోని ప్రమాదం ఈనాటి కొనుగోలుదారుకు బాగా తెలుసు. ఇందుకు పండితులు మార్గాలు చూపారు. వస్తువు యజమానికి ఏజెంటుగా ఉండి, ఆ సంగతి దాచకుండా కమీషన్ తీసుకోవచ్చు. లేదా ఆర్డరును మాటగా మాత్రమే తీసుకుని, సరకు చేతికి వచ్చాక బేరం ముగించవచ్చు. ఎవరి వ్యాపారానికి ఏది వర్తిస్తుందో తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

సరకు చేతికి వస్తే మరో మేలుంది. బట్ట నాణ్యత చూడవచ్చు, కొలతలు తీయవచ్చు, పగటి వెలుతురులో ఫోటో తీయవచ్చు. చాలా పార్సిళ్లు తిరిగి రావడానికి కారణం ఫోటోలోని రంగు ఒకటి, వచ్చిన రంగు ఒకటి కావడం, సైజు సరిపోకపోవడం. బజారులో ధాన్యం రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని గమనించిన దైవప్రవక్త (స), అందరికీ కనిపించేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని వర్తకుణ్ణి నిలదీశారు. చిన్న మరకను సైతం ఫోటోలో చూపించే అమ్మకందారు ఒక బేరం పోగొట్టుకోవచ్చు గాని, ఒక ఖాతాదారును సంపాదించుకుంటాడు. అన్ని రకాలూ అమ్మడం కంటే ఒక్క రకంలో పేరు తెచ్చుకోవడం మేలు. హైదరాబాదు లాడ్‌బజారు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంగళగిరి చేనేతకు ఎప్పటినుంచో పేరుంది. తయారీదారును ఎరిగి, వారి సరకును నమ్మకంగా అందించే వ్యక్తిని తప్పించి కొనడం అంత తేలిక కాదు.

చట్టం సంగతీ మరువరాదు. పన్ను వర్తించే సరకును పొరుగు రాష్ట్రానికి అమ్మేవారు, టర్నోవరు తక్కువే అయినా, కొన్ని హస్తకళా వస్తువులకు తప్ప జీఎస్‌టీ నమోదు చేయించుకోవాలి. 2014 జూన్ 2 తర్వాత గుంటూరు నుంచి హైదరాబాదుకు పంపే పార్సిలు కూడా పొరుగు రాష్ట్రానికి పంపినట్లే! నమోదు పరిమితిలోపు టర్నోవరు ఉన్న చిన్నవారు మాత్రం ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, సొంత రాష్ట్రంలోపల ఆన్‌లైన్ వేదికలపై అమ్ముకునే వీలు 2023 అక్టోబరు 1 నుంచి కలిగింది. చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితం, దళారులకు డబ్బివ్వనక్కరలేదు. ఇంకొక హెచ్చరిక: డబ్బు పంపుతాం, పిన్ నొక్కండి అనే వారిని నమ్మవద్దు. యూపీఐ పిన్ మన ఖాతాలోంచి డబ్బు పోవడానికే గాని, రావడానికి అవసరం లేదు. డబ్బు పంపినట్లు చూపే స్క్రీన్‌షాట్‌ను కాక, బ్యాంకు ఖాతాను చూసుకున్నాకే సరకు పంపాలి.

మరి ఉద్యోగం ఎప్పుడు వదలవచ్చు? రంజాన్ ముందు నెల లెక్క చూసి మాత్రం కాదు. పండుగ గిరాకీ ఏడాదంతా ఉండదు. కనీసం ఏడాది లెక్కలు ముందు పెట్టుకుని, ఖర్చులన్నీ పోగా జీతానికి సమానంగా మిగులుతున్నదా అని చూడాలి. ఉద్యోగంతోపాటు పీఎఫ్, ఈఎస్‌ఐ వంటివి ఉంటే వాటి విలువనూ కలపాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి. పెట్టుబడి వ్యాపారంలోంచే పెరగాలి గాని, వడ్డీ అప్పులోంచో, ఇల్లాలి మెడలోంచో కాదు.

చదువుకున్న యువకులు, మస్జిద్ కమిటీల పెద్దలు తలచుకుంటే ఈ విషయంలో ఎంతో సాయం చేయగలరు. నెలకొక ఆదివారం నలుగురు అమ్మకందారులను కూర్చోబెట్టి, లెక్క రాయడం, నమోదు చేసుకోవడం నేర్పితే చాలు. ఫోను చేతికొచ్చినంత సులువుగా వ్యాపారం చేతికి రాదు. సరకు మీద అవగాహన, పుస్తకంలో లెక్క, ఇచ్చిన మాట మీద నిలకడ ఉన్నవారికే అది నాలుగు కాలాలపాటు అన్నం పెడుతుంది.