అద్దె పత్రికలు

హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడి, తరువాత గచ్చిబౌలి రాళ్ళగుట్టల మధ్యకు తరలివచ్చినప్పుడు అక్కడ సైబరాబాదు లేదు, హైటెక్ సిటీ లేదు. విదేశాలలో అచ్చయిన పరిశోధన పత్రిక భారతదేశపు గ్రంథాలయానికి చేరాలంటే తపాలాలో వారాలు, ఓడమీదైతే నెలలు పట్టే కాలమది. సంచిక అందగానే రిజిస్టరులో ఎక్కించి, ముద్ర వేసి, కొత్త పత్రికల అరలో ఉంచేవారు. ఏడాది పూర్తికాగానే సంచికలన్నింటినీ కలిపి బైండు చేయించి భద్రపరచేవారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాతి దశాబ్దంలో పరిశోధన పత్రికలు కాగితాన్ని విడిచి కంప్యూటర్ తెరపైకి చేరసాగాయి. ఈ మార్పును అందరూ సౌకర్యంగానే చూశారు. అది కొనుగోలును అద్దెగా మార్చివేసిన సంగతి మాత్రం చాలామంది దృష్టికి రాలేదు.

సౌకర్యం నిజమే, దానిని కాదనడం అన్యాయం. ఒకే సంచికను ఒకే సమయంలో నూరుగురు చదువుకోవచ్చు. వసతిగృహంలో అర్ధరాత్రి మేలుకొన్న విద్యార్థికి సైతం గ్రంథాలయం తలుపులు తెరిచే ఉంటాయి. చూపులేని విద్యార్థి తెరమీది అక్షరాలను కంప్యూటర్ చేత చదివించుకొని వినగలడు. ఎవరో బ్లేడుతో కోసుకుపోయిన పుటల కోసం విచారించవలసిన పని లేదు. అచ్చు పత్రికలను అమితంగా కీర్తించేవారు ఈ చివరి విషయాన్ని తరచు మరచిపోతారు.

మరి వెల మాటేమిటి? కాగితం, సిరా, తపాలా ఖర్చులు తగ్గినప్పుడు చందా కూడా తగ్గుతుందని ఎవరైనా ఆశిస్తారు. జరిగింది వేరు. పరిశోధన పత్రికల వ్యాపారం తక్కిన వ్యాపారాల వంటిది కాదు. వ్యాసం రాసినవారికి సాధారణంగా పారితోషికం ఉండదు. దాని మంచిచెడ్డలను పరీక్షించే పండితులకూ ఉండదు. వారి జీతాలను చాలావరకు విశ్వవిద్యాలయాలో, ప్రభుత్వాలో చెల్లిస్తాయి. ఆ విధంగా సిద్ధమైన వ్యాసాన్ని అదే విశ్వవిద్యాలయం మళ్ళీ వెలపోసి తెచ్చుకోవాలి. బియ్యం ధర పెరిగితే జొన్నలు తిని గడుపుకోవచ్చు. ఒక పత్రికలో వెలువడిన ప్రయోగఫలితానికి మాత్రం మరొక పత్రిక బదులు కాజాలదు. కనుక అమ్మేవాడు చెప్పిందే ధర.

అచ్చు కాలంలోనూ ఈ భారం ఉండేది. 1991 జూలైలో రూపాయి విలువను తగ్గించినప్పుడు, ఒక్క సంచికైనా అదనంగా రాకుండానే విదేశీ చందాల బరువు పెరిగింది. అయితే ఆనాడు గ్రంథపాలకుడు అవసరం లేని పత్రికను మానివేసి, అవసరమైనదానిని నిలుపుకొనగలిగేవాడు. ఆన్‌లైన్ యుగంలో వందలాది పత్రికలను ఒకే మూటగా అమ్మే పద్ధతి వ్యాపించింది. ఒక చీర కోసం వెళ్ళినవారికి మూట మొత్తం అంటగట్టినట్లయింది. ఒకే మూటకు రెండు సంస్థలు వేర్వేరు ధరలు చెల్లించడం, ఆ ధరను వెల్లడించరాదనే షరతు విధించడం ఈ వ్యాపారంలో వింత కాదు. అత్యంత సంపన్నమైన హార్వర్డ్ విశ్వవిద్యాలయమే, పెద్ద ప్రచురణ సంస్థల పత్రికలకు ఏటా అయ్యే దాదాపు 37.5 లక్షల డాలర్ల వ్యయం భరింపరానిదిగా ఉందని 2012లో తన అధ్యాపకులకు తెలియజేసింది. ఇక సామాన్యమైన విశ్వవిద్యాలయాల గతి చెప్పనక్కరలేదు.

విడివిడిగా బేరమాడితే గెలవలేమని భారతీయ సంస్థలు త్వరగానే గ్రహించాయి. సాంకేతిక విద్యాసంస్థల కోసం 2003లో ఇండెస్ట్ కూటమి, విశ్వవిద్యాలయాల కోసం 2004లో యూజీసీ-ఇన్ఫోనెట్ ఏర్పడ్డాయి. 2015లో ఇవి ఈ-శోధ్‌సింధులో కలిశాయి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, సుమారు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు, దాదాపు 1.8 కోట్ల మంది పాఠకులు! తలకు లెక్కిస్తే ఏడాదికి సుమారు 1,100 రూపాయలు. ఎన్నడూ ఇటువంటి పత్రికను చూడని జిల్లా ప్రభుత్వ కళాశాలకు ఇది గొప్ప వరమే. కాని ఆ 6,000 కోట్లతో దేశానికి దక్కేది సొత్తా, లేక మూడేళ్ళ ప్రవేశమా అన్న ప్రశ్న ఇక్కడ అడుగక తప్పదు.

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తెలుగువారికి ‘భారతి’ తెలుపుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924లో స్థాపించిన ఆ మాసపత్రిక ప్రచురణ ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటింది. అయినా సాహిత్య పరిశోధకులు నేటికీ దానిని తిరగవేస్తున్నారు. కారణం, చందా కట్టిన గ్రంథాలయాలు సంచికలను తమవిగా దాచుకొన్నాయి. చందా మానివేసిన మరునాడు పాత సంచికలను తిరిగి ఇమ్మని ఎవరూ గుమ్మం ముందు నిలబడలేదు. ఆన్‌లైన్ పత్రికకు ఈ భరోసా దానంతట అది రాదు. శాశ్వతహక్కును ఒప్పందంలో రాయించుకొనకపోతే, గడువు తీరిన నాడు పదేళ్ళుగా చెల్లించిన సంచికలకు సైతం తాళం పడవచ్చు.

అట్లని కాగితమే చిరంజీవి అనుకోవడం పొరపాటు. 2000 ఆగస్టులో హైదరాబాదును వరద ముంచెత్తినప్పుడు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అమూల్యమైన ఉర్దూ గ్రంథాలు, పత్రికలు నీటిపాలయ్యాయి. తెర సంగతీ అంతే. తెలుగువాడైన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ప్రోద్బలంతో సాగిన ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ కృషిలో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ప్రముఖపాత్ర వహించింది. వేలాది తెలుగు గ్రంథాలు దాని ద్వారా పాఠకులకు అందాయి. తరువాత ఆ వెబ్‌సైటు మూతపడింది. వాటిలో అనేకం నేడు దొరుకుతున్నాయంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మరొక ప్రతి ఉండడమే కారణం. కాగితాన్నైనా తెరనైనా కాపాడేది పలుచోట్ల పలుప్రతులు ఉండడమే. ప్రతిని చేసుకొనే హక్కు సొంతదారుకు ఉంటుంది, అద్దెదారుకు ఉండదు.

కనుక గ్రంథాలయాలు విదేశీ పత్రికలను ఆన్‌లైన్‌లో తీసుకోవడమే మేలు. అయితే చెల్లించిన సంవత్సరాల సంచికలపై శాశ్వతహక్కు లేని ఒప్పందంపై సంతకం చేయరాదు. కొద్ది ప్రతులు మాత్రమే అచ్చయ్యే తెలుగు పత్రికలకు మాత్రం అచ్చు చందాను మానరాదు. అల్మారాలలో చోటు చాలదనే సాకు వీటి విషయంలో చెల్లదు. విశ్వవిద్యాలయంలో పుట్టిన పరిశోధన అక్కడి నుంచే అందరికీ ఉచితంగా అందాలి. పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాల విషయంలో శోధ్‌గంగ ఆ పని చేస్తూనే ఉంది.

గచ్చిబౌలిలోని కేంద్ర విశ్వవిద్యాలయ విద్యార్థికి 2025 నుంచి పదమూడు వేల పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. ఆ దారినే బస్సులో పోయే ప్రైవేటు ఇంజనీరింగు కళాశాల విద్యార్థి తొలిదశలో పథకానికి వెలుపలే ఉన్నాడు. అచ్చు పత్రికల కాలంలో అతడు అనుమతి పొంది, పఠనమందిరంలో కూర్చుని సంచికను చదువుకొని వెళ్ళగలిగేవాడు. గ్రంథాలయానికి స్వయంగా వచ్చినవారు అక్కడి కంప్యూటరులో చదువుకోవచ్చునని ఒక్క నిబంధన చేరిస్తే ఆ కుర్చీ అతనికి తిరిగి దక్కుతుంది. మూడేళ్ళ గడువు 2027తో ముగుస్తుంది. మళ్ళీ బేరానికి కూర్చునేవారు ధర కంటే ముందు అడగవలసినవి ఆ నిబంధన, శాశ్వతహక్కు.