సాలెపురుగునకు తగిన యిల్లు

గుణదల కొండ రాళ్లనడుమ పెద్ద సాలెపురుగును బట్టి సీసాలో నుంచి, "దీని కెట్టి యిల్లు గట్టవలెను?" అని యడుగు బాలురు కొందఱు గలరు. వారికి మా మనవి యిది.

1899వ సంవత్సరమున పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గుత్తి రైల్వే కలప అడితిలో దొరకిన నీలవర్ణపు సాలెపురుగును లోకమునకు దెలిపెను. పిమ్మట సుమారు నూఱేండ్లు అది శాస్త్రజ్ఞుల కగపడలేదు. 2001లో నంద్యాల గిద్దలూరుల నడిమి యడవిలో మరల గానవచ్చెను. నేడు విదేశములందు పెక్కండ్రు దీనిని పెంచుచున్నారు. ఇది చెట్లపై నివసించునది గావున, వెడల్పుకంటె నెత్తెక్కువగల గాజుపెట్టె, అందు నిలువుగా నిలిపిన బోలు బెరడు, గాలికి రంధ్రములు, నీటిచిప్ప, బిగువైన మూత అమర్చుదురు. ఈ శ్రమయంతయు ముదురు చెట్టు తొఱ్ఱను బోలుటకే గదా! అట్టి చెట్లు నఱకబడుచున్నందున, 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని నశించుటకు మిక్కిలి చేరువనున్న జీవులలో జేర్చెను. తొఱ్ఱను గూల్చి పెట్టెను మెచ్చుట వివేకమా?

కావున సోదర విద్యార్థులారా! సీసాను పట్టినచోటికే గొనిపోయి మూత దీయుడు. దూరమునుండి చూచి, బొమ్మ వ్రాసికొనుడు. రాతిసందును, ముసలిచెట్టును చెడగొట్టక నిలుపుటయే దానికి మన మీయగల యిల్లని మా యభిప్రాయము.