నల్లనిది కాదు, కనపడనిది

డార్క్ మేటర్‌ను తెలుగు పుస్తకాల్లో ‘కృష్ణ పదార్థం’ అంటారు. కృష్ణ అంటే నల్లని. నాకు ఈ మాట అంతగా నచ్చదు. నల్లని వస్తువు వెలుగును ఆపుతుంది, అందుకే అది ఉందని మన కంటికి తెలుస్తుంది. ఇది వెలుగును ఆపదు, ఇవ్వదు. ‘కనపడని పదార్థం’ అంటే సరిగ్గా ఉండేది.

కనపడనిది ఉందని ఎలా తెలిసింది? 1970లలో వేరా రూబిన్ అనే అమెరికా శాస్త్రవేత్త గెలాక్సీల అంచున ఉన్న నక్షత్రాలను గమనించారు. అవి అనుకున్నదానికంటే చాలా వేగంగా తిరుగుతున్నాయి. కనిపించే పదార్థం ఒక్కటే ఉంటే అవి ఎప్పుడో చెదిరిపోవాలి. ఇంకేదో వాటిని పట్టి ఉంచుతోంది. విశ్వంలోని పదార్థంలో ఆరింట ఐదు వంతులు ఇదేనని లెక్క.

అది ఏమిటి? యాక్సియాన్ అనే కణం కావచ్చని కొందరి ఊహ. 1977లో పెచ్చేయి, క్విన్ అనే ఇద్దరు న్యూట్రాన్‌కు సంబంధించిన ఒక చిక్కును విప్పే ఆలోచన చెప్పారు. ఆ ఆలోచన నిజమైతే ఒక కొత్త కణం ఉండాలని మరుసటి ఏడు వైన్‌బర్గ్, విల్చెక్ అన్నారు. విల్చెక్ దానికి బట్టలుతికే ఒక సబ్బు పొడి పేరు పెట్టారు. లెక్కల్లో మరక పోగొట్టింది కదా, అందుకని!

బలమైన అయస్కాంత క్షేత్రంలో యాక్సియాన్ రేడియో తరంగంగా మారగలదు. ఏ ఫ్రీక్వెన్సీలో? అది కణం బరువును బట్టి ఉంటుంది. ఆ బరువు ఎవరికీ తెలియదు. మా నాన్న పాత రేడియో ముల్లును మెల్లగా తిప్పుతూ, గరగర మధ్యలో పాట కోసం వెతికేవారు. అమెరికాలో సియాటిల్‌లో జరుగుతున్న ఏడీఎంఎక్స్ ప్రయోగం పనీ అలాంటిదే.

మన దక్షిణాఫ్రికాలోనూ వెతికారు. కరూ మైదానంలోని మీర్‌కాట్ టెలిస్కోప్‌కు 64 డిష్‌లు ఉన్నాయి. న్యూట్రాన్ నక్షత్రాల చుట్టూ, భూమి మీద ఎక్కడా లేనంత బలమైన అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అలాంటి ఒక నక్షత్రం వైపు మీర్‌కాట్‌ను తిప్పి పది గంటలు విన్నారు. ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. యాక్సియాన్ జాడ దొరకలేదు.

“అయితే ఆ పది గంటలూ దండగేనా తాతా?” అని మా మనవరాలు అడిగింది.

దండగ కాదమ్మా. వాళ్లు విన్న ఫ్రీక్వెన్సీల్లో ఆ గరగరను దాటి వినిపించేంత గట్టి పాట లేదని తేలింది. ఇక ముల్లు కొంచెం ముందుకు జరపవచ్చు. మా నాన్న రేడియోలో ఆ ముల్లు తిరిగేది జానెడు దూరమే. దీనికి ఇంకా చాలా దూరం ఉంది.